కంప్యూటర్‌కి కోయ వచ్చా?

(చదువుల సిరీస్ – 7)



గత భాగంలో హాస్టల్ మెస్ చార్జీల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి ఆ హాస్టల్‌లోకి కొత్తగా వచ్చిన కంప్యూటర్ గురించి. ముఖ్యంగా ఆదివాసీ పిల్లల చదువులోకి టాబ్‌గా, స్మార్ట్ టీవీగా, డిజిటల్ క్లాస్‌రూమ్‌గా వస్తున్న కంప్యూటర్ గురించి.

ముందే ఒక మాట. నేను యంత్రానికి వ్యతిరేకిని కాను. తరతరాలుగా పలకా బలపం దక్కని వాళ్లం. చేతికొచ్చిన కంప్యూటర్‌ని "వద్దు, మా సంస్కృతి పాడవుతుంది" అని పక్కన పెట్టే విలాసం మనకు లేదు. అలా రాసే పెద్దమనుషుల పిల్లలు అమెరికాలో కోడింగ్ చేసుకుంటున్నారు. ఆదివాసీ పిల్లలకు కంప్యూటర్ కావాలి. మంచిది కావాలి, ఇప్పుడే కావాలి. నా ప్రశ్న వేరే. ఆ కంప్యూటర్ ఆ పిల్లతో ఏ భాషలో మాట్లాడుతుంది? ఆ పిల్ల తిరిగి మాట్లాడితే దానికి అర్థమవుతుందా?

ఒకటో తరగతి మొదటి రోజు

ఒక కోయగూడెంలోనో గోండుగూడెంలోనో ఆరేళ్ల పిల్ల బడికి వస్తుంది. ఆ పిల్లకు నోటినిండా మాటలున్నాయి. చెట్ల పేర్లు తెలుసు, పిట్టల పేర్లు తెలుసు, చుట్టరికాలు తెలుసు, పాటలొచ్చు. బడిలో అడుగుపెట్టిన క్షణం నుంచి అవేవీ లెక్కలోకి రావు. వాచకం తెలుగులో ఉంటుంది. గోండి, కోయ, కొలామి, కువి, కొండ భాషలు మన తెలుగుకు చుట్టాలే. గోండిలో నీళ్లను 'ఏర్' అంటారు. మనకు ఏరు అంటే పారే వాగు. మాటలు అంత దగ్గర. అయినా వాచకంలో వాక్యం మొదలవగానే ఆ పిల్లకు అది పరాయి భాష. సవర అయితే చుట్టరికం కూడా లేదు, అది ముండా కుటుంబానికి చెందిన భాష.

ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ సర్కారు బడులు ఇంగ్లీషు మీడియం వైపు నడిచాయి. అంటే ఆ పిల్ల ఒక పరాయి భాష మీదుగా ఇంకో పరాయి భాషలోకి దూకాలి. దూకలేని పిల్లను "మొద్దు" అంటాం. రిజిస్టర్‌లో "డ్రాపౌట్" అని రాస్తాం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆదివాసుల అక్షరాస్యత సగానికి చేరలేదు. దేశం మొత్తం మీద ఆదివాసుల అక్షరాస్యత 59 శాతం. ఆ సగటుకు కూడా మనం చాలా కింద ఉన్నాం. ఈ అంకె వెనక పేదరికముంది, దూరముంది, మలేరియా ఉంది, టీచర్ రాని బడి ఉంది. భాష కూడా ఉంది. మిగతావాటి గురించి కనీసం ధర్నాలు జరుగుతాయి. భాష గురించి ఎవరూ జెండా పట్టుకోరు.

ఇప్పుడు టాబ్ సంగతి చూడండి. 2022 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా టాబ్‌లు పంచింది. పాఠాలు బైజూస్ కంపెనీవి. ఇంగ్లీషులో, తెలుగులో. 2024లో ఆ కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కంపెనీ గొడవ పక్కన పెట్టండి. 8వ తరగతి అనే దగ్గర ఆగండి. భాష అర్థంకాక మూడో తరగతిలోనే బడి మానేసి మేకల వెనక వెళ్లిపోయిన పిల్ల 8వ తరగతికి రాదు. ఆ పిల్లకు టాబ్ రాదు. నిచ్చెన సగం ఎక్కినవాళ్లకు ఇంకో మెట్టు దొరికింది. కింది మెట్లు విరిగి ఉన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

కరోనాలోనూ ఇదే చూశాం. 2020 సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణలో టీవీ పాఠాలు మొదలయ్యాయి. అంతకు రెండేళ్ల ముందటి జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం, ఇంటర్నెట్ సౌకర్యం ఉన్నవి 14.9 శాతం. ఇది గ్రామాలన్నిటి సగటు. గుట్ట మీది గూడెం ఎక్కడుంటుందో మీరే ఊహించుకోండి. ఆ రోజుల్లో సిగ్నల్ గురించి చాలా రాశారు, రాయాల్సిందే. కానీ సిగ్నల్ అందిన పిల్లకు కూడా ఆ పాఠం తన భాషలో అందలేదు. దాని గురించి రాసినవాళ్లు తక్కువ.

గిడుగును సగమే గుర్తుపెట్టుకున్నాం

తెలుగు సాహిత్యం చదువుకున్నవాడిగా నాకు ఇక్కడ ఒక గొంతు పడే విషయముంది. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. వ్యావహారిక భాష కోసం పోరాడాడని దండలేస్తాం. పిల్లవాడి నోటి మాటే బడి మాట కావాలన్నది ఆయన పట్టుదల అని ఉపన్యాసాలిస్తాం.

ఆ పట్టుదల ఎక్కడ గట్టిపడింది? పర్లాకిమిడి కొండల్లో. ఆయన సవరల దగ్గర సవర నేర్చుకున్నాడు, సవర పిల్లల కోసం వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో బడులు పెట్టించాడు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో సవర–ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. పిల్లలకు తెలియని భాషలో చదువు చెప్పడం అన్యాయమన్న సూత్రం ముందు సవర పిల్లల కోసం పుట్టిందనే నేననుకుంటాను. ఆ సూత్రాన్ని మనం మన తెలుగు కోసం వాడుకున్నాం. గ్రాంథికవాదుల నుంచి మన వచనాన్ని విడిపించుకున్నాం. సవరలకు మాత్రం తిరిగివ్వలేదు. ఆయన పేరు మీద ఉత్సవం జరిపే తెలుగువాళ్లే సవర పిల్ల మీద తెలుగు వాచకం రుద్దారు. నిన్న మనకు గ్రాంథికం ఏం చేసిందో, ఇవాళ ఆ పిల్లకు మన శిష్ట తెలుగు అదే చేస్తోంది.

ఆదిలాబాద్‌లోనూ ఇలాంటి కథే. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడయ్యాక, గోండుల పరిస్థితి చూడమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ని పంపింది. 1943లో మార్లవాయిలో గోండులనే టీచర్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం పెట్టారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వేశారు. తర్వాత ప్రభుత్వాలు మారాయి, రాష్ట్రాలు మారాయి, ఆ పని తెగిపోయింది. 2000 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోండి, కోయ, కొలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా, మొత్తం ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తయారుచేశారు. మంచి పని. అదీ కొన్ని బడుల దగ్గరే ఆగింది.

ప్రతి తరమూ మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతోంది. ఒక ఆఫీసరు వస్తాడు, ఆసక్తితో పుస్తకం వేయిస్తాడు, బదిలీ అవుతాడు. పుస్తకం గోడౌన్‌లో చెదపడుతుంది. "కొలామి పుస్తకం ఐదొందల కాపీలు వేస్తే గిట్టుబాటు కాదు" అని ఫైలు మూసేస్తారు.

కంప్యూటర్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. అచ్చుయంత్రం పెద్ద భాషల యంత్రం. వేల కాపీలు అమ్ముడుపోయే భాషకే అది అన్నం పెడుతుంది. కంప్యూటర్‌కి ఆ లెక్క లేదు. ముప్పై మంది పిల్లలకు ఒక కథ పంపినా, మూడు లక్షల మందికి పంపినా దాదాపు ఒకటే ఖర్చు. చెదపట్టదు. ఆఫీసరు బదిలీ అయినా ఫైలు కాపీ ఇంకో నాలుగు చోట్ల ఉంటుంది. చిన్న భాషలకు చరిత్రలో మొదటిసారి గిట్టుబాటయ్యే సాధనం వచ్చింది. మనం దాన్ని ఎందుకు వాడుతున్నాం? పెద్ద భాషల పాఠాన్ని మరింత వేగంగా కొండ మీదికి ఎక్కించడానికి.

యంత్రం లోపల ఎవరున్నారు

"కంప్యూటర్ కులం అడగదు" అనే మాట మన కుర్రాళ్లు కూడా అంటుంటారు. అడగదు, నిజమే. కానీ దాన్ని తయారుచేసినవాళ్ల భాషలు లోపల ముందే కూర్చుని ఉంటాయి.

మా కాలేజీలో కోయ విద్యార్థులు ఒకరోజు ఫోన్ మైక్ నొక్కి కోయలో మాట్లాడి చూపించారు. ఫోన్ అదంతా తెలుగనుకుని అర్థంపర్థం లేని వాక్యమేదో రాసింది. అందరం నవ్వుకున్నాం. తర్వాత ఒక పిల్లవాడు, "సార్, ఒకటో తరగతిలో మా టీచర్ కూడా ఇట్లనే రాసుకునేటోడు" అన్నాడు. నవ్వు ఆగిపోయింది.

అక్షరాల సంగతి చూద్దాం. ప్రపంచంలో ఏ కంప్యూటర్‌లోనైనా ఒక లిపి కనపడాలంటే యూనికోడ్‌లో దానికి చోటుండాలి. సంతాలీల ఓల్ చికి 2008లో, సవరల సోరా సోంపెంగ్ 2012లో, మసరాం గోండి 2017లో, మన ఆదిలాబాద్ జిల్లా గుంజాల గ్రామంలో రాతప్రతులు దొరికిన గుంజాల గోండి 2018లో ఆ చోటు సంపాదించుకున్నాయి. గొప్ప విజయాలే. కానీ యూనికోడ్‌లో చోటు దొరకడం అంటే ఇంటి స్థలం పట్టా దొరకడం లాంటిది. ఇల్లు కట్టాలింకా. ఫాంట్ కావాలి, ఫోన్‌లో కీబోర్డు కావాలి, వాట్సాప్‌లో డబ్బాలు డబ్బాలుగా కాకుండా అక్షరాలుగా కనపడాలి. అన్నిటికన్నా ముందు ఆ లిపి నేర్పే టీచర్ బడిలో ఉండాలి.

సంతాలీ ముందుకెళ్లగలిగింది. 2003లో ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది. 2018లో సంతాలీ వికీపీడియా మొదలైంది. రఘునాథ్ ముర్ము 1925లో తయారుచేసిన లిపి చుట్టూ ఒక ఉద్యమం నిలబడటం వల్ల ఇది సాధ్యమైంది. మరి గోండి? 2011 లెక్కల్లో గోండి మాట్లాడేవాళ్లు 29 లక్షల పైచిలుకు. సంస్కృతం మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు పాతిక వేలమంది కూడా లేరు. సంస్కృతం ఎనిమిదో షెడ్యూల్‌లో ఉంది, గోండి లేదు. ఆ షెడ్యూల్ ఉత్త గౌరవం కాదు. నిధులు, నిఘంటువులు, కీబోర్డులు, భాషిణి లాంటి ప్రభుత్వ అనువాద పథకాలు ముందుగా చూసేది ఆ 22 భాషల వైపే. మను స్మృతి భాషకు యంత్రంలో పెద్దపీట, కుమ్రం భీం భాషకు గుమ్మం బయట చోటు. దీన్ని టెక్నికల్ సమస్య అంటే నేనొప్పుకోను.

లిపి తగాదా తేలేదాకా ఆగాలా? అక్కర్లేదు. గోండులు ఆరేడు రాష్ట్రాల్లో ఉన్నారు. ఒకచోట దేవనాగరి, ఒకచోట తెలుగు, ఇంకోచోట సొంత లిపి. ఏది ఉండాలన్నది వాళ్లు తేల్చుకుంటారు. ఈలోగా గొంతుకు లిపి అక్కర్లేదు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో మొదలైన సీజీనెట్ స్వర మామూలు ఫోన్ మీద నడిచింది. ఫోన్ చేసి తమ భాషలో మాట్లాడితే రికార్డవుతుంది, ఇంకొకరు ఫోన్ చేసి వినొచ్చు. స్మార్ట్‌ఫోన్ లేదు, అక్షరం రాదు, అయినా వార్త వెళ్లింది. ఫోన్‌లో తెలుగు కీబోర్డు ఎలాగూ ఉంది. ఇవాళ్టికి దానితో గోండి, కోయ రాసుకోవచ్చు. లోపాలుంటాయి. సవరలో గొంతు దగ్గర ఆపి పలికే ధ్వనికి తెలుగులో అక్షరమే లేదు. అలాంటివి రాస్తూ రాస్తూ సరిచేసుకోవాల్సినవి.

టీచర్ లేని టాబ్

ఆదిలాబాద్ జిల్లాలో తొడసం కైలాస్ అనే ప్రభుత్వ ఉపాధ్యాయుడున్నారు. గోండి మనిషి. మహాభారతాన్ని తెలుగు లిపిలో గోండిలోకి రాశారు. కృత్రిమ మేధ సాధనాలతో కొలామిలో పాట చేశారు. ఆయన్ని ప్రధానమంత్రి రేడియోలో మెచ్చుకున్నారు కూడా. సంతోషం. కానీ అలాంటి టీచర్ ఎలా తయారవుతాడు? ఆ భాష పుట్టుకతో వచ్చినవాడు ఆ బడిలో ఉద్యోగంలో ఉంటేనే.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే ఇచ్చిన 2000 నాటి జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. వంద శాతం రిజర్వేషన్ చెల్లదంది. తీర్పు మీద న్యాయ చర్చ ఎంతైనా చేయొచ్చు. తరగతి గదిలో దాని అర్థం ఒక్కటే. కోయ తెలిసిన టీచర్ కోయ బడికి రావడానికున్న ఖాయమైన దారి మూసుకుపోయింది. ఒక పక్క ఆ దారి మూసి, ఇంకో పక్క ఆదివాసీ భాషల్ని అనువదించే యాప్‌లు విడుదల చేస్తే నమ్మమంటారా? 2025లో కేంద్ర గిరిజన వ్యవహారాల శాఖ ఆది వాణి అనే అనువాద సాధనం తెచ్చింది. అందులో గోండి ఉంది. స్వాగతిద్దాం, వాడి చూద్దాం, మన ఆదిలాబాద్ గోండి దానికి ఎంతవరకు అర్థమవుతోందో అడుగుదాం. కానీ మనిషిని తీసేసి యంత్రాన్ని పెడతామంటే ఒప్పుకోవద్దు. గోండి తెలిసిన ఒక టీచర్, ఒక పాత ల్యాప్‌టాప్ ఉన్న బడి, ముప్పై టాబ్‌లుండి గోండి ఒక్కరికీ రాని బడికన్నా నయం.

ఇంకో ప్రశ్న ఉంది. యంత్రానికి భాష నేర్పాలంటే వేల గంటల గొంతులు కావాలి. ఆ గొంతులు ఎవరివి? ఎవరి ఆస్తి? న్యూజిలాండ్‌లో మావోరీల తే హికు మీడియా అనే రేడియో సంస్థ పది రోజుల్లో 300 గంటలకు పైగా మావోరీ మాటల్ని తమవాళ్ల చేతే రికార్డు చేయించింది. దానితో మాటను అక్షరం చేసే సాధనాన్ని తామే తయారుచేసుకుంది. ఆ రికార్డుల్ని కంపెనీల చేతిలో పెట్టలేదు. భూమి పోగొట్టుకున్నవాళ్లం, మాట కూడా పోగొట్టుకోలేం అన్నది వాళ్ల వాదన. జల్, జంగల్, జమీన్ అన్న నేలకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. మన అవ్వల పాటలు రికార్డు చేసుకుపోయి, రేపు మనకే యాప్‌గా అమ్మే రోజు రాకూడదు.

"ఇంగ్లీషు వద్దంటారా?"

ఈ ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. మాతృభాష మీద ప్రేమ ఒలకబోసి సొంత పిల్లల్ని కాన్వెంట్‌కి పంపేవాళ్లను మనం చాలామందిని చూశాం. దళిత, ఆదివాసీ తల్లిదండ్రులు ఇంగ్లీషు కావాలంటే, వాళ్లకు లోకం తెలుసు కాబట్టే అంటున్నారు. ఇంగ్లీషు కావాలి. ఐఐటీకైనా హైకోర్టుకైనా అది కావాలి. నేను అడిగేది ఇంగ్లీషుకు చేరే దారి గురించి. తన భాషలో చదవడం, రాయడం, లెక్క చేయడం వచ్చిన పిల్ల రెండో భాషను, మూడో భాషను పట్టుకుంటుంది. ఏ భాషలోనూ నిలదొక్కుకోని పిల్ల బోర్డు మీది అక్షరాలు బొమ్మల్లా దించుకుంటుంది. రాజ్యాంగంలో 350ఎ అధికరణం ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువుకు సౌకర్యాలు కల్పించమని చెప్పింది ఇందుకే. కొండ మీది పిల్ల కొండ మీదే ఉండిపోవాలని కాదు.

ఒకే తెర మీద పైన కోయ, కింద తెలుగు, పక్కన ఇంగ్లీషు చూపించడం అచ్చు పుస్తకానికి ఖరీదైన పని, కంప్యూటర్‌కి చిటికెలో పని. దానికి కావలసింది కోయ రాసే మనుషులు, వాళ్లకిచ్చే జీతం.

మనం చేయగలిగింది

విద్యార్థి మిత్రులకు, ఉద్యమ మిత్రులకు కొన్ని పనులు.

ఒకటి. ఇంటర్నెట్ కోసం ఎదురుచూడొద్దు. ఒక పాత ల్యాప్‌టాప్, ఒక వైఫై రౌటర్ ఉంటే హాస్టల్ మొత్తానికి పుస్తకాల గది పెట్టొచ్చు. కివిక్స్‌తో వికీపీడియాను, కోలిబ్రితో పాఠాలను డౌన్‌లోడ్ చేసిపెడితే నెట్ లేకుండానే పిల్లల ఫోన్లలో, టాబ్‌లలో తెరుచుకుంటాయి. రెండూ ఉచితం. కరెంటు నిలకడ లేని చోట ముందు సోలార్ అడగండి, తర్వాత టాబ్.

రెండు. సెలవుల్లో ఇంటికెళ్లే పిల్లలకు ఒక పని ఇవ్వండి. అవ్వ చెప్పే కథ, చెట్ల పేర్లు, విత్తనాల పేర్లు, పండుగ పాట ఫోన్‌లో రికార్డు చేసుకు రమ్మనండి. అవ్వను అడిగి, ఆమె ఒప్పుకున్నవే. దేవుడి పాటల్లాంటివి బయటికి వద్దంటే వదిలేయాలి. తిరిగొచ్చాక వాటిని పిల్లలే రాయాలి, బొమ్మలు వేయాలి. స్టోరీవీవర్ లాంటి చోట ఎవరైనా ఉచితంగా కథ పెట్టొచ్చు, గోండి కథలు అక్కడ ఇప్పటికే ఉన్నాయి. ఆ రోజు నుంచి ఆ పిల్లకు కంప్యూటర్ టీవీలా ఉండదు, కలంలా ఉంటుంది.

మూడు. సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, సీతంపేట, పార్వతీపురం, పాడేరు, రంపచోడవరం, ఎక్కడి ఐటీడీఏ అయినా సరే. మీ పరిధిలో ఎన్ని టాబ్‌లు ఇచ్చారు, ఎన్ని పనిచేస్తున్నాయి, వాటిలో స్థానిక ఆదివాసీ భాషలో పాఠాలు ఎన్ని, ఆ భాష తెలిసిన టీచర్లు ఎంతమంది, కంప్యూటర్ టీచర్ పోస్టులు ఎన్ని ఖాళీ? ఐదు ప్రశ్నలు చాలు.

నాలుగు. మన దళిత మిత్రులకు. మనం అక్కడికి నేర్పడానికి వెళ్తున్నామనుకోవద్దు. మన వాడల మాటను మోటు అన్న వాచకాలు చదివే మనం పెరిగాం. అదే వాచకాన్ని టాబ్‌లో పెట్టి మన చేతుల మీదుగా గూడేనికి పంపిస్తే మనం ఏం సాధించినట్టు? ముందు ఆ భాషలో పది మాటలు నేర్చుకుని వెళ్దాం. ఏ పాఠం ముందు చేయాలో వాళ్లే చెబుతారు. వైరు లాగడం, ఫాంటు ఎక్కించడం, దరఖాస్తు రాయడం మన పని.

యూనివర్సిటీల్లో తెలుగు, భాషాశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ చదువుతున్న మన పిల్లలకు ఒక మాట. థీసిస్‌కి టాపిక్ దొరకలేదని నాకు ఫోన్ చేయొద్దు. కొలామికి స్పెల్‌చెకర్ లేదు. కోయ మాటను రాసిపెట్టే యంత్రం మన బడుల్లో లేదు. సవర ధ్వనులకు సరైన కీబోర్డు మన బడుల్లో లేదు. ఆ భాష మాట్లాడే మీ క్లాస్‌మేట్ మీ పక్క బెంచీలోనే ఉంది. ఆమె పేరు ముందు పెట్టి, మీ పేరు తర్వాత పెట్టి పని మొదలుపెట్టండి.

వచ్చే భాగంలో గురుకులాల సీట్ల లెక్క మాట్లాడుకుందాం.

జై భీమ్. జై సేవా.